నెల్లూరు, ఒంగోలు నుంచి థీమ్ బ్రంచ్‌కి: ఏ ఊరు, ఏ రకం చోటు, ఎవరికి ఏది

ఆదివారం పదకొండున్నరకు చెన్నైలో బ్రంచ్‌కి (టిఫినూ భోజనమూ కలిపి తినే తిండికి) టేబుల్ బుక్ చేసుకుని, పినాకిని రైలుకు టికెట్లు తీసుకున్నారంటే ఆ బ్రంచ్ తిన్నట్టే. విజయవాడలో పొద్దున్నే బయలుదేరే ఆ బండి నెల్లూరు వచ్చేసరికే పది గంటల ప్రాంతం అవుతుంది. చెన్నైలో దిగేసరికి మామూలు భోజనాల వేళ. వందే భారత్‌ది ఇంకా తిరకాసు: పొద్దున చెన్నై నుంచి మన వైపు వస్తుంది, రాత్రికి చెన్నై చేరుతుంది. అందుకని ఈ వైపు నుంచి వెళ్లేవాళ్లు ముందు చూడాల్సింది ఇన్‌స్టాగ్రామ్‌లో గులాబీ రంగు గోడలు కాదు, బండి వేళలు. ఊరు, వేళ, వెంట వచ్చే మనుషులు. ఈ మూడూ తేలాక థీము సంగతి చూడొచ్చు.

బ్రంచ్ మాటకు పెద్ద చరిత్రేం లేదు. 1895లో గై బెరింజర్ అనే ఇంగ్లీషాయన, ఆదివారం పొద్దున టిఫినూ మధ్యాహ్నం భోజనమూ విడివిడిగా ఎందుకు, ఆలస్యంగా లేచి రెండూ కలిపి ఒకటే తిందామని రాశాడు. ఇప్పుడు మన నగరాల్లో అది పదకొండుకో పన్నెండుకో మొదలై మూడు, మూడున్నరకు ముగుస్తుంది. దానికి థీము తోడైతే పైకప్పు నిండా కాగితం పూలు, కుర్చీలకు బదులు ఉయ్యాలలు, మనిషి కూర్చునేంత టీకప్పు, పొగలు కక్కే గ్లాసులు. లండన్‌లోని స్కెచ్ అనే రెస్టారెంటు 2014లో ఒక హాలంతా గులాబీ రంగు చేస్తే ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. 2022లో వాళ్లే ఆ రంగు తీసేసి పసుపు చేశారు. మన దగ్గర గులాబీ గోడలు మాత్రం ఇంకా లేస్తూనే ఉన్నాయి.

ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒకటుంది. థీము చోట్ల ఆయుష్షు తక్కువ. టోక్యో హరాజుకులో కవాయీ మాన్‌స్టర్ కెఫే అంతటి పేరున్నదే 2015లో తెరిచి 2021 జనవరిలో మూసేశారు. మన నగరాల్లో పేరు, అలంకరణ, వంటవాడు ఏడాదికోసారి మారిపోయే చోట్లున్నాయి. కాబట్టి నెల్లూరు నుంచి చెన్నై దాకా 175 కిలోమీటర్లు పోయే ముందు ఫోన్ చేసి, ఫలానా హాలు ఇంకా ఉందా అని అడగండి. మ్యాప్‌లో ఫొటోలను కొత్తవి ముందు వచ్చేట్టు పెట్టుకుని గత రెండు నెలలవి చూడండి. కాగితం పూలకు దుమ్ము పట్టిందో, ఉయ్యాల తాడు పీచు లేచిందో అక్కడే తెలిసిపోతుంది.

చెన్నైయా, హైదరాబాదా

నెల్లూరు, కోవూరు, కావలి వాళ్లకు ఇందులో పెద్ద ఆలోచన అక్కర్లేదు, చెన్నైయే. రోడ్డు మీద నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు, హైదరాబాదు 450 దాకా. ఒంగోలు వాళ్లకే అసలు చిక్కు: చెన్నై 290, హైదరాబాదు 330. దూరంలో పెద్ద తేడా లేదు, వేళలో ఉంది. ఒంగోలు నుంచి పొద్దున నాలుగున్నరకు కారెక్కినా చెన్నైలో బ్రంచ్ వేళకు అలిసిపోయి చేరతారు, అదే పూట తిరిగి రావడం పిల్లలతో మంచిది కాదు. హైదరాబాదుకైతే రాత్రి బండి ఉంది. సింహపురి, నారాయణాద్రి లాంటివి రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాదు. ఒక రాత్రి లాడ్జి ఖర్చు మిగులుతుంది.

అయితే తెల్లవారి ఐదున్నరకు దిగిన మనిషి పదకొండున్నర దాకా ఏం చెయ్యాలి? హైదరాబాదు ప్రయాణాలు చాలావరకు చెడేది ఈ ఆరు గంటల దగ్గరే. ఆకలికి ఆగలేక ఎనిమిదింటికి ఎక్కడో రెండు ప్లేట్ల పూరీ లాగిస్తారు, పన్నెండుకు ఖరీదైన ప్లేటు ముందు కూర్చుని కెలుకుతారు. స్టేషన్లో రిటైరింగ్ రూము పీఎన్‌ఆర్ నంబరుతో ముందే బుక్ చేసుకుని, స్నానాలు చేసి, రెండిడ్లీలతో ఆపి, పది దాకా పడుకోవడం దీనికి మందు. మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్లు దోర్నాల, శ్రీశైలం మీదుగా కారులో పోవాలనుకుంటే, నల్లమల అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలు ఆపేస్తారని గుర్తుంచుకోండి. తెల్లవారుజామునే బయలుదేరినా గేటు దగ్గర నిలబడాల్సిందే.

నెల్లూరు నుంచి చెన్నైకి మూడు దారులు. కారైతే ఆరు, ఆరున్నరకు బయలుదేరాలి. దారిలో టోల్ గేట్లు వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట, ఆపైన తమిళనాడులో నల్లూరు. 24 గంటల్లోపు తిరిగొస్తే రానూపోనూ కలిపి ఒకవైపు రుసుముకు ఒకటిన్నర రెట్లే పడుతుంది, ఫాస్టాగ్‌లోనే సర్దుకుంటుంది. ట్యాంకు మాత్రం నెల్లూరులో నింపకండి, తమిళనాడులో పెట్రోలు మనకంటే తక్కువ. అవతలికి చేరేంత ఉంటే చాలు. రెడ్ హిల్స్ దాటాక ఊళ్లోకి చొరబడటానికే గంట పడుతుందని లెక్కేసుకోండి.

బస్సు అయితే ఆంధ్ర నుంచి వచ్చేవి మాధవరం టెర్మినల్‌లో దింపుతాయి. అక్కణ్ణుంచి అడయారు, ఆళ్వార్‌పేట వైపు పోవడం అంటే మళ్లీ ఒక ప్రయాణం. రైలుకైతే హైదరాబాదు వైపు నుంచి రాత్రంతా నడిచి తెల్లవారుజామున నెల్లూరు దాటే బండ్లు సరైనవి. వాటిలో కొన్ని సెంట్రల్‌కు పోవు, ఎగ్మూరు మీదుగా తాంబరం పోతాయి. టికెట్ మీద ఏ స్టేషను రాసుందో చూసుకోండి. సెంట్రల్ నుంచి మెట్రో నీలం లైను థౌజండ్ లైట్స్, తేనాంపేట వైపు, ఆకుపచ్చ లైను అన్నానగర్ వైపు పోతుంది. ఒకేలాంటి రెండు కెఫేల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతే మెట్రో స్టేషన్‌కు నడిచేంత దూరంలో ఉన్నది తీసుకోండి. ఆదివారం ఎండలో ఆటో బేరం తప్పుతుంది.

నెల్లూరు వాళ్లు ఎలాగూ టీ నగర్ చీరలకో, డాక్టరుకో చెన్నై పోతూనే ఉంటారు. దానికి బ్రంచ్ కలపాలంటే ముందు బ్రంచ్, తర్వాత షాపింగ్. ఎనిమిది సంచులతో పోతే ఉయ్యాల కుర్చీ పక్కన పెట్టుకోవడానికి చోటుండదు.

ఏ రకం చోటు ఎవరికి

కథల లోకంలా కట్టినవి మూడు నుంచి పదేళ్ల పిల్లలున్న ఇళ్లకు బాగా కుదురుతాయి. అక్కడ డబ్బు కూర్చునే చోటికి, తిండికి కాదు. హాలులో రెండు మూడు టేబుళ్లే నిజంగా అలంకరించి ఉంటాయి, మిగతావి మామూలు బల్లలు. ‘టేబుల్ బుక్ అయింది’ అంటే ఆ ఉయ్యాల టేబుల్ దొరికినట్టు కాదు. బుక్ చేసేటప్పుడే ‘ఫొటోలో ఉన్న ఆ మూలే కావాలి’ అని చెప్పి, వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఒప్పించుకోండి.

ఉయ్యాల గురించి ఒక మాట. ఊగే పలక మీద కూర్చుని కత్తీ ఫోర్కులతో పాన్‌కేక్ కొయ్యడం అనుకున్నంత సులువు కాదు. కాలు నేలకు ఆనకపోతే ప్రతి కోతకూ మీరు వెనక్కి పోతారు, సిరప్ చొక్కా మీదికొస్తుంది. ఉయ్యాల తాడుకు బల్ల అంచుకు మధ్య జానెడు కూడా లేని చోట్లున్నాయి. ఫొటో తీసుకుని మామూలు కుర్చీలోకి మారతామని ముందే అడగండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ, తాతయ్య వస్తుంటే కింద మెత్తగా దిగిపోయే సోఫా కూడా వద్దు. పైఅంతస్తయితే లిఫ్టుందా, బాత్రూము అదే అంతస్తులో ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు.

జైలు, విమానం, రైలు బోగీ లాంటివి మగపిల్లల గుంపుకు, కాలేజీ వాళ్లకు. హైదరాబాదు కాచిగూడ స్టేషన్ దగ్గర పాత బోగీలను 2023లో రెస్టారెంటుగా మార్చారు. అలాంటి వాటిల్లో అలంకరణ ఒక్క చూపులో అయిపోతుంది, కాబట్టి తిండి బాగుంటేనే వెళ్లండి. రోబో వడ్డించే చోటుకు, చెన్నై పాత మహాబలిపురం రోడ్డు (ఓఎంఆర్)‌లో 2017లో మొదలైన రకానికి, ఉండే మోజు పది నిమిషాలే. నేల మీది గీత వెంట వచ్చి ట్రే ముందుకు చాస్తుంది, ప్లేటు మీరే తీసుకోవాలి. పిల్లలు రెండోసారి చూశాక మూడోసారి చూడరు.

చీకట్లో తినిపించే చోట్లు వేరే సంగతి. చూపు లేనివారే లోపలికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి వడ్డిస్తారు, ఫోను, వాచీ బయటే పెట్టాలి. పెద్దలిద్దరు వెళ్తే మంచి అనుభవం. చిన్నపిల్లలు భయపడతారు. చేప ముల్లు తీసుకుని తినే అలవాటున్న నెల్లూరు చేతికి కూడా చీకట్లో ముల్లు దొరకదు, కాబట్టి అక్కడ చేప అడక్కండి.

పిల్లుల కెఫే, కుక్కల కెఫే అంటే బొచ్చు పడనివాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి. చాలాచోట్ల చిన్నపిల్లలకు వయసు పరిమితి పెడతారు, అడిగి వెళ్లండి.

ఇంట్లో మూడు నాలుగు తరాలు కలిసి వెళ్తుంటే మా ఓటు పెద్ద హోటల్లో ఆదివారం బఫే బ్రంచ్‌కే. థీము తక్కువ. కానీ శాకాహారం వేరే కౌంటరు, దోశ కౌంటరు, పిల్లలు ఆడుకోవడానికి మూల, కూర్చోవడానికి సరైన కుర్చీలు ఉంటాయి. తాతయ్యకు పెరుగన్నం దొరుకుతుంది. ఉయ్యాల మూలలో అది దొరకదు.

బిల్లు ఎలా లెక్కెయ్యాలి

మెనూలో ధర ఒకటి, చేతిలోంచి పోయేది ఒకటి. మామూలు కెఫేలో జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకు 7,500 దాటే హోటళ్లలోని రెస్టారెంట్లలో 18 శాతం. ఈ ఒక్క తేడాకే లెక్క మారిపోతుంది.

ఉదాహరణకు నలుగురి కుటుంబం, ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు. హోటల్ బఫే పెద్దలకు 2,000, పిల్లలకు 1,000 అనుకుంటే 6,000. దానిమీద 1,080 పన్ను, మొత్తం 7,080. కెఫేలో మెయిన్లు (కడుపు నింపే అసలు వంటకాలు) నాలుగు 450 చొప్పున 1,800, స్టార్టర్లు రెండు 350 చొప్పున 700, డ్రింకులు నాలుగు 250 చొప్పున 1,000, తీపి రెండు 300 చొప్పున 600. మొత్తం 4,100, పన్ను 205, చెల్లించేది 4,305. కెఫే చవకగా కనిపిస్తుంది. కానీ బఫేలో అడక్కుండానే కడుపు నిండుతుంది, కెఫేలో మూడున్నరకు పిల్లలకు మళ్లీ ఆకలేస్తుంది. ఆ రెండో తిండి ఖర్చు కూడా కెఫే వైపే రాసుకోండి. కారైతే రానూపోనూ, ఊళ్లో తిరగడం కలిపి 380 కిలోమీటర్లు. లీటరుకు 15 వస్తే పాతిక లీటర్లు, టోళ్లు అదనం. అంటే కెఫే బిల్లులో సగానికి పైగా దారిలోనే పోతుంది. ఇద్దరే వెళ్తుంటే రైలే మేలు, నలుగురు దాటితే కారు గిట్టుబాటు.

బిల్లులో సర్వీస్ చార్జీ అని 10 శాతం కలిపి ఉంటే తీసెయ్యమని అడగొచ్చు, అది తప్పనిసరి కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాలు ఇదే చెప్పాయి, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. పై లెక్కలో 6,000 మీద 600 చార్జీ, దానిమీద మళ్లీ పన్ను కలిస్తే 7,080 కాస్తా 7,788 అవుతుంది. తీయమంటే గొడవకొస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వడ్డించిన అబ్బాయి బాగా చూసుకుంటే డబ్బు అతని చేతికే ఇవ్వండి.

యాప్‌లో ‘30 శాతం తగ్గింపు’ చూసి పొంగిపోకండి. చాలాచోట్ల అది శనాదివారాలకు, బఫేకు వర్తించదు. బుక్ చేసేటప్పుడు కట్టిన అడ్వాన్సు బిల్లులో తగ్గుతుందా, లేక అది వేరే టేబుల్ రుసుమా అన్నది కూడా అడిగి తేల్చుకోండి. కేకు బయటి నుంచి తెస్తే కోత రుసుము, పెద్ద కెమెరా తెస్తే షూటింగ్ రుసుము వసూలు చేసే చోట్లున్నాయి. ఫోన్‌తో తీసుకుంటే ఎవరూ అడగరు.

ఏం తినాలి, ఏది వద్దు

కూర్చోగానే ముందు చెప్పాల్సింది సూఫ్లే పాన్‌కేక్. గుడ్డు తెల్లసొన గట్టి నురగ వచ్చేదాకా గిలక్కొట్టి, సన్నటి మంట మీద మూతపెట్టి రెండువైపులా కాలుస్తారు. 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. చివర్లో అడిగితే మీకు టేబుల్ ఇచ్చిన గంటన్నర వేళ (స్లాటు) అయిపోతుంది. ప్లేటు వచ్చాక అది నిలబడేది కొన్ని నిమిషాలే, లోపలి ఆవిరి చల్లారితే కుంగిపోతుంది. ఫొటో మొదటి నిమిషంలోనే తీసి తినెయ్యండి. అది పూర్తిగా చదునుగా వస్తే వంటింట్లోనే చాలాసేపు కూర్చుందని అర్థం, మార్చమని అడగండి.

రంగు మారే నీలం డ్రింకు పిల్లలకు బాగా నచ్చుతుంది. అది మన దొడ్డి కంచెల మీద పాకే శంఖుపువ్వే, వేడినీళ్లలో వేస్తే నీలం దిగుతుంది. అందులో ఉండే రంగు పదార్థం పులుపు తగిలితే ఊదా అవుతుంది. దానికి చెప్పుకోదగ్గ రుచేం లేదు, డబ్బు పెట్టేది ఆ మార్పు చూడటానికే. అందుకని నిమ్మరసం విడిగా చిన్న కప్పులో తెమ్మని చెప్పండి. గ్లాసు అంచు వెంట నిదానంగా వంచితే, రసం దిగినచోటల్లా నీలం లోపలికి ఊదా చారలు పాకుతూ పోతాయి, చెంచా పెట్టగానే గ్లాసంతా ఒకే రంగు. వంటింట్లోనే కలిపి తెచ్చారంటే మీరు కొనుక్కున్నది ఊదా నీళ్లు.

పొగలు కక్కే వాటితో జాగ్రత్త. ఆ పొగ వచ్చేది డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) నుంచో, లిక్విడ్ నైట్రోజన్ నుంచో. మొదటిది మైనస్ 78 డిగ్రీలు, రెండోది మైనస్ 196. పొగ పూర్తిగా ఆగి, గ్లాసు అడుగున తెల్ల ముక్క లేదని చూశాకే తాగాలి. నోట్లోంచి పొగ వచ్చే స్మోక్ బిస్కెట్లు పిల్లలకు అసలొద్దు. 2024 ఏప్రిల్‌లో తమిళనాడు ఆహార భద్రతా శాఖ వీటి మీదే హెచ్చరిక ఇచ్చింది.

ఎగ్స్ బెనెడిక్ట్‌లో బ్రెడ్ మీద పెట్టే గుడ్డు సగమే ఉడికి పచ్చసొన కారుతూ ఉంటుంది, పైన పోసే సాసు కూడా పచ్చసొనా వెన్నా కలిపిందే. గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్దవాళ్లు మానుకోవాలి. ‘బాగా ఉడికించి’ అంటే ఆ వంటకానికి అర్థమే లేదు, దానికంటే పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించమని చెప్పి షక్షూకా అడగండి. టమాటా, క్యాప్సికం గ్రేవీలో గుడ్లు కొట్టి ఉడికించేది, మన టమాటా కోడిగుడ్డు కూరకు దూరపు చుట్టం. కారం దోశకు అలవాటుపడిన నాలుకకు ఈ మెనూల్లో తృప్తినిచ్చేది దాదాపు అదొక్కటే. చిల్లీ ఫ్లేక్స్ అడిగి తీసుకోండి.

శాకాహారులు అడగాల్సినవి రెండు. కేకు, వాఫుల్ ఎగ్‌లెస్సా? డ్రింకు మీద పేర్చిన మార్ష్‌మాలోలో, మూస్‌లో (నురగలాంటి క్రీము తీపి) జెలటిన్ ఉందా? జెలటిన్ జంతువుల నుంచి వచ్చేది, పైకి కనపడదు. మాంసాహారులైనా బేకన్, హ్యామ్, సాసేజ్ అన్న మాట కనిపిస్తే ఏ మాంసమో అడగండి. చాలావరకు పంది మాంసం, కొన్ని మెనూల్లో బీఫ్ కూడా ఉంటుంది. ఇంటి పెద్దవాళ్ల ముందు ప్లేటు పెట్టాక తెలుసుకోవడం కంటే ముందు అడగడం నయం.

నలుగురికి నాలుగు మెయిన్లు ఒకేసారి చెప్పకండి. రెండు మెయిన్లు, ఒక స్టార్టరు, పాన్‌కేక్ మొదట. మిగతాది ఆకలి చూసి. చివరి ఆర్డరు స్లాటు ముగియడానికి అరగంట ముందే ఆగిపోతుందని మాత్రం గుర్తుంచుకోండి. షుగర్ ఉన్నవాళ్లను పదకొండున్నర దాకా పస్తుంచొద్దు. నాయుడుపేట దగ్గరో సూళ్లూరుపేట దగ్గరో ఆగి, మాత్రకు ముందో తర్వాతో ఎప్పటిలాగే, రెండిడ్లీలు తినిపించండి.

ఏ నెలలో

ఏప్రిల్ నుంచి జూన్ దాకా తోట థీము, మిద్దె మీది థీము చెన్నైలో పనికిరావు. కూలరు ముందు కూర్చున్నా ఐస్‌క్రీమ్ నిలవదు. నవంబరు, డిసెంబరుల్లో తుపాను వానలకు మిద్దె సీటింగు ఏ రోజైనా మూసేస్తారు, అడ్వాన్సు తిరిగిస్తారా అని అడిగి కట్టండి. సంక్రాంతి వారం వదిలేస్తే జనవరి, ఫిబ్రవరి మంచి నెలలు. అప్పుడైతే సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రంలో పక్షులు కూడా ఉంటాయి, తిరుగు దారిలో నాలుగున్నరకు అక్కడ ఆగితే పిల్లలకు ఇంకో చోటు చూసినట్టవుతుంది. పైగా తీపి పాన్‌కేకులు తిన్న తర్వాత మధ్యాహ్నం రోడ్డు మీద కారు నడిపే మనిషికి నిద్ర ముంచుకొస్తుంది. కారు తోలేవాళ్లకు సిరప్ తగ్గించి, రెండో ప్లేటు వెనక సీటు వాళ్లకు వదిలెయ్యండి.